ఇడ్లీపాత్రలో చైనా గుమ్మడి బన్నులు

వినాయక చవితి ఉండ్రాళ్లు, కుడుములు అయిపోయాయి. దసరా పిండివంటలకి ఇంకా టైముంది. కూరగాయల బండి మీద పసుపుపచ్చగా కోసి పెట్టిన తీపిగుమ్మడి ముక్కలు కనిపిస్తున్నాయి. ఇంకొన్నాళ్లకి గెనుసుగడ్డలూ దిగుతాయి. గుమ్మడికాయ తెస్తే దప్పళమో, బెల్లం పెట్టిన కూరో. గెనుసుగడ్డ తెస్తే ఉడకబెట్టి పిల్లల చేతికివ్వడం. ఏటా ఇంతేనా అని మీకెప్పుడైనా విసుగొచ్చిందా? అయితే ఈ ఆదివారం ఇడ్లీపాత్ర దింపండి. చైనాలో శరదృతువు వచ్చిందంటే ఇళ్లల్లో చేసుకునే ఆవిరి బన్నులు చేద్దాం.

బన్ను అనగానే "మా ఇంట్లో ఓవెన్ లేదమ్మా" అని పేజీ తిప్పెయ్యకండి. వీటికి ఓవెన్ అక్కర్లేదు. గుడ్డు అక్కర్లేదు, వెన్న అక్కర్లేదు. ఆవిరి మీద ఉడికించడం మనకి కొత్తా? ఇడ్లీ, ఆవిరి కుడుము, గిన్నెకి గుడ్డ కట్టి చేసే వాసెనపోలి... పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే కదా! కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే. మన ఇడ్లీపిండి రాత్రి రుబ్బి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తన పని తను చేసుకుంటుంది. ఈ ముద్ద అలా కాదు. దీన్ని మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి. గడియారాన్ని కాదు, ముద్దని. ఈ ముక్క నాకు బుర్రకెక్కడానికి మూడు కిలోల మైదా తగలేశాను.

ఎక్కడంటారా? మావారి ఉద్యోగం మూలంగా 2009 నుంచి మూడేళ్లు మేం జీనాన్‌లో ఉన్నాం. ఉత్తర చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రానికి రాజధాని ఆ ఊరు. ఊరి నడిబొడ్డున భూమిలోంచి నీటి ఊటలు ఉబికి వస్తుంటాయి, అందుకే దాన్ని ఊటల నగరం అంటారు. చైనా అంటే అందరూ అన్నం తినేవాళ్లే అనుకుని రెండు కుక్కర్లు మోసుకుని వెళ్లాను. తీరా చూస్తే అది గోధుమల సీమ. దక్షిణాన వరి, ఉత్తరాన గోధుమ. జీనాన్ వాళ్లకి మూడు పూటలా తెల్లటి, గుండ్రటి ఆవిరి బన్ను ఉండాల్సిందే. మనకి అన్నం ఎలాగో వాళ్లకి అది అలా. దాన్ని మంతౌ అంటారు. లోపల ఏమీ పెట్టకపోతే మంతౌ, కూరో పూర్ణమో పెట్టి మూతి ముడిస్తే బావ్‌జీ. పిండిని పొరలుగా మడిచి మెలితిప్పితే హువాజ్యువాన్, అంటే పువ్వు చుట్ట. (షాంఘై వైపు లోపల కూరిన వాటిని కూడా మంతౌ అనే అంటారు. గారె, వడ అని మనం పేర్లు కలిపేసుకోమూ, అలాగే.)

మంతౌ పుట్టుక గురించి వాళ్లు ఒక కథ చెబుతారు. మూడో శతాబ్దంలో జూగ లియాంగ్ అనే మంత్రి సైన్యంతో ఒక నది దాటాల్సొచ్చిందట. నదికి మనిషి తలలు బలివ్వాలని అక్కడివాళ్లన్నారట. ఆయనకి మనసొప్పక, పిండితో తలకాయల్లా ముద్దలు చేయించి నదికి వదిలాడట. నిజమో కాదో గానీ, బూడిదగుమ్మడికాయ పగలగొట్టి దిష్టి తీసే మనకి మాత్రం ఆ కథ తేలిగ్గానే అర్థమవుతుంది!

సరే, నా గోలకి వద్దాం. మా అబ్బాయికి అప్పుడు ఐదేళ్లు. అక్కడి కిండర్‌గార్టెన్‌లో వేశాం. నెల తిరక్కుండా వాడు చైనా భాష పట్టేశాడు, నా పెరుగన్నం వదిలేశాడు. "బళ్లో పెట్టే పసుపు మంతౌ కావాలి" అని ఒకటే పేచీ. అది గుమ్మడికాయ మంతౌ అని తర్వాత తెలిసింది. ఎంత పని అనుకుని మొదలుపెట్టాను. మొదటిసారి చేసినవి క్రికెట్ బంతులు. రెండోసారి పొంగినట్టే పొంగి మూత తీయగానే చప్పబడి, ముసలమ్మ మొహంలా ముడతలు పడ్డాయి. మూడోసారి చేసినవి అడుగున తడి బంక, పైన తోలు. వాడు ఒకటి కొరికి, మాట్లాడకుండా పళ్లెంలో పెట్టేసి, వెళ్లి బిస్కెట్ తెచ్చుకున్నాడు. ఊరు కాని ఊరు, భాష రాదు, పిల్లవాడు నా చేతి వంట తినడం లేదు. ఆ రోజు వంటింట్లో తలుపేసుకుని ఏడ్చానంటే నవ్వకండి.

నన్ను గట్టెక్కించింది మా పై ఇంట్లో ఉండే పెద్దావిడ. ఆయి అని పిలిచేదాన్ని, పిన్ని లాంటి పిలుపన్నమాట. మావాడు నాయ్‌నాయ్ అనేవాడు, అంటే నాన్నమ్మ. చెత్తబుట్టలో నా క్రికెట్ బంతులు చూసి ఆవిడ తలుపు తట్టింది. ఒక మంతౌ తీసి గోడకేసి కొట్టింది. ఠంగుమంది. పడీ పడీ నవ్వి, చేతులు కడుక్కుని, నా వంటింట్లో పీట ముందు నిలబడింది. మా మధ్య దుబాసీ ఎవరనుకున్నారు? ఐదేళ్ల మావాడే.

ఆవిడ దగ్గర కొలతల్లేవు. చేత్తో పట్టుకుని "ఇంత", ముద్దని నొక్కి "ఇలా". ఆ ఇంతనీ, ఇలానీ నేను తూకం వేసి రాసుకున్నాను. ఇక్కడికొచ్చాక మన మైదాతో, మన గుమ్మడికాయతో సరిచూసుకున్నాను.

గుమ్మడి మంతౌ

కావలసినవి: మైదా 300 గ్రాములు (సుమారు రెండున్నర కప్పులు), ఉడికించి మెదిపిన తీపిగుమ్మడి గుజ్జు 180 గ్రాములు (ముప్పావు కప్పు), డ్రై ఈస్ట్ 3 గ్రాములు (ఒక టీస్పూను, తలకొట్టి), చక్కెర రెండు టేబుల్ స్పూన్లు, వాసన లేని నూనె ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు. ఎనిమిది వస్తాయి.

నీళ్లు రాయడం మర్చిపోయాననుకుంటున్నారు కదూ? మర్చిపోలేదు. నీళ్లు లేవు. నా మూడోసారి మంతౌలు బంకగా ఎందుకయ్యాయో ఆయి ఒక్క చూపులో కనిపెట్టింది. గుమ్మడికాయలో నూటికి తొంభై వంతులు నీళ్లే. దానికి తోడు నేను మళ్లీ గ్లాసుడు పోశాను! ముద్ద కలవడానికి కావలసిన తడంతా గుమ్మడికాయే ఇస్తుంది.

అందుకే గుమ్మడి ముక్కల్ని నీళ్లలో ఉడకబెట్టకండి. పావుకిలో చెక్కు తీసిన ముక్కల్ని ఆవిరి మీద మెత్తబడేదాకా పెట్టండి. మెదిపాక గుజ్జు పల్చగా, నీళ్లోడుతూ ఉంటే బాణలిలో వేసి నూనె లేకుండా సన్నసెగ మీద కాసేపు తిప్పండి. గరిటె మీంచి జారకుండా నిలబడితే సరి. చక్కెర అందులోనే కలిపేసి చల్లారనివ్వండి. ఇక్కడ తొందరపడకండి సుమా! ఈస్ట్ అనేది ప్రాణమున్న వస్తువు. వేడి గుజ్జులో వేశారంటే చచ్చి ఊరుకుంటుంది. నా క్రికెట్ బంతుల రహస్యం అదే. వేలు పెడితే గోరువెచ్చగా, పసిపిల్లలకి స్నానం పోసే నీళ్లంత ఉన్నప్పుడు ఈస్ట్ చల్లి కలపండి. ఐదు నిమిషాలాగి మైదా, ఉప్పు వేసి ముద్ద చేయండి.

మొదట చేతికి అంటుకుంటుంది. పిండి చల్లుకుంటూ పోకండి. రెండు నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే మైదా తడి పీల్చుకుని దారికొస్తుంది. అప్పటికీ పట్టు వదలకపోతే ఒక్కో చెంచా మైదా కలపండి. గుమ్మడికాయ గుమ్మడికాయకీ తేడా ఉంటుంది మరి. పట్టు విడిచాక నూనె వేసి మదాయించాలి. పది పన్నెండు నిమిషాలు, మణికట్టు నెప్పి పుట్టేదాకా. చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా, పైన బుగ్గలా నున్నగా రావాలి. ఆయి మూడు నున్ననలు అనేది. గిన్నె నున్నగా, చెయ్యి నున్నగా, ముద్ద నున్నగా ఉండాలి. ఈ మూడూ కుదిరితే మంతౌ మీద పొక్కులు రావు.

నున్నబడ్డ ముద్దని ఎనిమిది భాగాలు చేయండి. ఒక్కొక్కదాన్నీ అరచేతి కింద గుండ్రంగా తిప్పి బంతి చేయండి. పిల్లలున్న ఇల్లయితే దీన్ని గుమ్మడికాయలాగే దిద్దవచ్చు. చాకు వీపుతో పైనుంచి కిందకి ఎనిమిది గీతలు నొక్కి, నడినెత్తిన ఒక కిస్‌మిస్‌ని తొడిమలా గుచ్చండి. మావాడు బళ్లో చూసిన పసుపు మంతౌ అదే.

ఇక ఇడ్లీపాత్ర. గుంటల ప్లేట్లు పనికిరావు, అడుగు వంకరపోతుంది. చిల్లుల పళ్లెం ఉంటే అది పెట్టండి. లేకపోతే వెడల్పాటి గిన్నెకి వాసెనపోలికి కట్టినట్టు గుడ్డ కట్టండి. చైనాలో వెదురు బుట్టలుంటాయి. అవి ఆవిరిని పీల్చుకుంటాయి కాబట్టి నీళ్లు బొట్లుగా రాలవు. మన స్టీలు మూతకా సుఖం లేదు, బొట్టు పడిన చోటల్లా మంతౌ మీద గుంట పడి మచ్చగా ఉండిపోతుంది. అందుకని మూతకి పల్చటి గుడ్డ చుట్టి, కొసలు పైకి ముడేయండి. కొసలు కిందకి వేలాడి మంటకి తగలకుండా చూసుకోండి. ఒక్కో బంతి కింద చిన్న అరిటాకు ముక్క వేసి, మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచి పేర్చండి. ఎనిమిదీ ఒకేసారి పట్టకపోతే మిగతావి ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే మొదటి వాయ ఉడికేలోపు రెండో వాయ పొంగి పొరలిపోతుంది.

ఇప్పుడొస్తుంది అసలు ఘట్టం. బంతులు పేర్చగానే పొయ్యి వెలిగించకూడదు. వాటిని పొంగనివ్వాలి. ఎంతసేపు? పుస్తకాల్లో నలభై నిమిషాలని రాస్తారు. అది రాసినాయన ఇంట్లో నలభై నిమిషాలు! జీనాన్‌లో ప్రభుత్వం వాళ్ల గొట్టాల వేడి నవంబర్ 15కి గానీ మొదలుకాదు. అక్టోబర్ చివర్లో ఇళ్లన్నీ చల్లగా వణుకుతుంటాయి. అప్పుడు రెండు గంటలైనా ముద్ద కదిలేది కాదు. ఆయి పిండిగిన్నెకి మూతపెట్టి, మంచం మీద బొంతలో చుట్టి పెట్టేది. మావాడు ఒకసారి చూసి "నాయ్‌నాయ్ ఇంట్లో పాపాయి పడుకుంది" అని నా చెవిలో గుసగుసలాడాడు. అదే హైదరాబాద్‌లో అక్టోబర్ మధ్యాహ్నం అరగంట చాలు. పొయ్యి పక్కన పెట్టారంటే అంతకన్నా ముందే.

మరి ఎలా తెలుస్తుంది? మంతౌ ఒకటిన్నర రెట్లు అవ్వాలి. ఇడ్లీపిండిలా రెట్టింపు కానివ్వకండి. చేతిలోకి తీసుకుంటే, చూడ్డానికి ఉన్నంత బరువుండకూడదు, తేలిగ్గా అనిపించాలి. పక్కన వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా పైకి రావాలి. టక్కున లేచిందంటే ఇంకా టైముంది. అసలు లేవలేదంటే ఆలస్యమైపోయింది. అనుభవం లేనప్పుడు నేనొక ఉపాయం చేసేదాన్ని. గోళీకాయంత ముద్ద తీసి గ్లాసు నీళ్లలో పడేసేదాన్ని. మునిగితే ఆగు, తేలితే పొయ్యి వెలిగించు.

తేలాక గోరువెచ్చని నీళ్ల మీద పళ్లెం ఎక్కించి మధ్యస్థంగా మంట పెట్టండి. ఆవిరి రావడం మొదలైన దగ్గర్నుంచి పన్నెండు నిమిషాలు. ప్రెషర్ కుక్కర్ వాడితే వెయిట్ పెట్టకూడదు. మధ్యలో మూత తీసి తొంగిచూడకండి. స్టౌ కట్టేశాక కూడా ఐదు నిమిషాలు అలాగే వదిలేయండి. లోపల వేడిగాలి ఒక్కసారిగా చల్లబడితే మంతౌ కుంగిపోతుంది. మూత తీసేటప్పుడు అవతలి వైపు నుంచి ఎత్తండి, ఆవిరి మీ ముంజేతికి కొట్టకుండా.

అన్నట్టు, ఈస్ట్ పొట్లాలు రాకముందు వాళ్లేం చేసేవారో తెలుసా? మనం పాలకి తోడు దాచుకున్నట్టు, నిన్నటి ముద్దలో కాస్త దాచుకునేవారు. దాన్ని లావ్‌మ్యేన్ అంటారు, ముసలి పిండి అని అర్థం. దాంతో కలిపితే ముద్ద పులుస్తుంది. ఆ పులుపు విరగడానికి సోడా లాంటి క్షారం కలపాలి. తక్కువైతే పులుపు, ఎక్కువైతే పచ్చటి మచ్చలు, సబ్బు వాసన. కోడళ్ల పనితనం ఆ చిటికెడు సోడాలో తేలేదట. ఆయి ముద్దని వాసన చూసి ఎంత వెయ్యాలో చెప్పేసేది. నాకా ముక్కు లేదు. మీరు పొట్లం ఈస్టే వాడండి.

ఇక శరదృతువు మాటకొస్తే, మనకి కార్తెలున్నట్టే వాళ్లకీ సూర్యుడి నడకని బట్టి ఏడాదిని 24 భాగాలు చేసిన లెక్కుంది. ఒక్కోటి పదిహేను రోజులు. 2016లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆగస్టు 7, 8 తేదీల్లో లీచ్యూ, అంటే శరత్తు మొదలు. అక్టోబర్ 23, 24 తేదీల్లో షువాంగ్‌జ్యాంగ్, నేల మీద మంచు పేరుకునే రోజు. సరిగ్గా మనకి స్వాతి కార్తె వచ్చేవేళ. ఈ మధ్యలో వచ్చే పెద్ద పండగ జోంగ్‌చ్యూ, నిండు పున్నమి పండగ. 2024లో సెప్టెంబర్ 17న మన భాద్రపద పున్నమికి వచ్చింది. 2025లో వాళ్లకి అధికమాసం రావడంతో అక్టోబర్ 6కి, మన ఆశ్వయుజ పున్నమికి జరిగింది. పండగకి చంద్రుడిలాంటి మూన్‌కేకులు కొని పంచుకుంటారు. కానీ అవి ఇంట్లో చేసేవాళ్లు తక్కువ. ఇంట్లో పొయ్యి మీద ఉండేవి ఆవిరి బన్నులే.

ఆ రోజుల్లో జీనాన్ వీధుల్లో నడుస్తుంటే ముక్కే దారి చూపిస్తుంది. పెద్ద మూకుడులో నల్లటి ఇసుక, చక్కెర పోసి చెస్ట్‌నట్ కాయలు వేయిస్తుంటారు. పాత నూనె డ్రమ్ముల్లో గెనుసుగడ్డలు కాలుస్తుంటారు. ఎండబెట్టిన ఎర్ర రేగుపళ్లు రాశులు పోసి అమ్ముతారు. అవి మన రేగుపళ్లకి దాయాదులే గానీ, ఖర్జూరంలా తియ్యగా ఉంటాయి. దక్షిణాదిన హాంగ్‌జౌ, గ్విలిన్ వైపు గ్వేహువా అనే చిన్న బంగారు పూలు పూస్తాయి. గ్విలిన్ అన్న పేరుకి అర్థమే ఆ చెట్ల వనం. ఎండిన ఆ పూలని తేనెలో ఊరేసి బన్నుల మీద చుక్కలా వేస్తారు. ఇవన్నీ మనకి దొరకవు. అయినా దిగులక్కర్లేదు.

గెనుసుగడ్డ మంతౌ చేయాలంటే పైన చెప్పిన పద్ధతే. కాకపోతే గెనుసుగడ్డలో నీళ్లు తక్కువ, పిండి ఎక్కువ. 300 గ్రాముల మైదాకి 150 గ్రాముల గుజ్జు, దానితో పాటు 90 నుంచి 100 మిల్లీలీటర్ల పాలో నీళ్లో పడతాయి. ఊదారంగు గెనుసుగడ్డ దొరికితే చూడముచ్చటగా వస్తుంది. అందులో మాత్రం వంటసోడా పడనివ్వకండి, ఊదా కాస్తా నీలం, ఆకుపచ్చ అయిపోయి ఎవరూ ముట్టుకోరు.

రేగుపళ్ల బదులు ఎండు ఖర్జూరాలు నానబెట్టి, గింజ తీసి చీల్చి వాడండి. పిండిని వేలంత లావు తాళ్లుగా చేసి, రెండు కొసలూ లోపలికి చుట్టి, చుట్టల్లో ఖర్జూరం గుచ్చితే పువ్వులా వస్తుంది. షాన్‌డాంగ్, షాన్సీ పల్లెల్లో పండగలకి ఇలాంటివి అంతస్తులు అంతస్తులుగా పేరుస్తారు.

పూర్ణం పెట్టి చేద్దామనుకుంటే వాళ్లు వాడే చిన్న ఎర్ర గింజలకి మన అలసందలు దగ్గర చుట్టాలు. ఒక కప్పు అలసందలు నానబెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, నీళ్లు వంచి మెదపండి. ముప్పావు కప్పు బెల్లం, రెండు చెంచాల నెయ్యి వేసి గట్టిపడేదాకా తిప్పండి. ఏలకులు వేయాలని చెయ్యి లాగుతుంది, వేసుకోండి, ఎవరొద్దన్నారు? పూర్ణం చల్లారాకే పెట్టాలి. పిండిని అప్పడంలా వత్తేటప్పుడు నడిమ మందంగా, అంచులు పల్చగా ఉంచండి. అన్ని అంచులూ ఒకచోటికి ముడిచేటప్పుడు నడిమంతా పల్చబడి చిల్లిపడకుండా ఉంటుంది. కారం ఇష్టమైతే సన్నగా తరిగిన క్యాబేజీకి ఉప్పు రాసి పిండి, పుట్టగొడుగులు, అల్లం, మిరియాలపొడితో వేయించి కూరండి. మైదా ఒంటికి మంచిది కాదనేవాళ్లు సగం గోధుమపిండి కలపవచ్చు. కాస్త బరువుగా వస్తాయి, రుచి బాగానే ఉంటుంది. అచ్చంగా గోధుమపిండితో చేస్తే మాత్రం నా గోడ పరీక్ష గుర్తు తెచ్చుకోండి.

ఆయి గురించి ఇంకొకటి చెప్పాలి. మేమున్న రెండో ఏడు పున్నమి పండక్కి ఆవిడ మనవడొస్తున్నాడని ఇద్దరం కలిసి నలభై గుమ్మడి మంతౌలు చేశాం. ఆఖర్న ఆవిడ కొంచెం తెల్లపిండి విడిగా కలిపి రెండే రెండు తెల్లవి చేసుకుంది. భోజనాల దగ్గర అందరికీ పసుపువి వడ్డించి తను తెల్లది తీసుకుంది. పోయిన ఏడూ అంతే చేసిందని అప్పుడు తట్టింది నాకు. ఎందుకని అడిగితే "కడుపు నిండా తినేశాను, ఎప్పుడో" అంది. మావాడు అదే మాట తెలుగులో చెప్పాడు. వాడికీ అర్థం కాలేదు, నాకూ కాలేదు.

అంట్లు తోముతున్నప్పుడు చెప్పింది. 1959 నుంచి 1961 దాకా చైనాని పీడించిన కరువులో షాన్‌డాంగ్ కూడా అల్లాడింది. అప్పటికి ఆవిడకి పదకొండేళ్లు. ఇంట్లో ఉన్న గుప్పెడు పిండి చాలక, వాళ్లమ్మ గుమ్మడికాయ, గెనుసుగడ్డ, గెనుసు ఆకులు కూడా కలిపి ముద్దలు పెట్టేదట. అప్పుడు గుమ్మడికాయ రుచి కోసం కాదు, పిండి లేక. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తెల్లపిండి రేషన్ కూపన్ల మీదే. 1955లో మొదలైన ఆ ధాన్యం కూపన్లు 1993లో గానీ పూర్తిగా పోలేదు. రోజూ తినేది వోతౌ, అంటే మొక్కజొన్నపిండితో చేసే గరుకు ముద్ద. అచ్చ తెల్ల మంతౌ కొత్త సంవత్సరానికే. ఇప్పుడేమో మనవడు గుమ్మడి మంతౌని స్పెషల్ అంటూ ఫోటోలు తీస్తున్నాడు. "వాడికి తియ్యగా ఉంది, ఉండనీ" అంది ఆయి, గిన్నె తుడుస్తూ.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది అనంతపురం వైపు. వరి అన్నం పండక్కే చూసిన తరం ఆవిడది. మిగతా రోజుల్లో జొన్న సంకటి, కొర్రన్నం. మేం హైదరాబాద్‌లో కొర్రలు ఎక్కువ డబ్బు పోసి కొని, ఆరోగ్యమని వండి పెడితే పళ్లెం జరిపేసి "నాకు వరన్నం లేదా?" అని అడిగింది. అప్పుడు ముసలితనం చాదస్తం అనుకుని విసుక్కున్నాను. ఆ సంగతి ఆయికి చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను, మధ్యలో దుబాసీ నిద్రపోయాడు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే, గుమ్మడి మంతౌ చేసే రోజు రెండు తెల్లవి కూడా చేయండి. వంద గ్రాముల మైదాకి 50 మిల్లీలీటర్ల నీళ్లు, అర టీస్పూనులోపు ఈస్ట్, చెంచా చక్కెర. అవి కాస్త త్వరగా పొంగుతాయి, కనిపెట్టుకుని ఉండండి.

మిగిలినవి ఏం చేయాలంటే, చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో నెల ఉంచుకోవచ్చు. తినేముందు మళ్లీ ఐదారు నిమిషాలు ఆవిరి చూపిస్తే కొత్తవాటిలా మెత్తబడతాయి. గట్టిపడ్డవాటిని బిళ్లలుగా కోసి పెనం మీద నెయ్యితో ఎర్రగా కాలిస్తే సాయంత్రం పిల్లలకి టిఫిను. జీనాన్‌లో వాటిని గుడ్డు సొనలో ముంచి వేయిస్తారు. మేం తాలింపు వేసి ఉప్మా కూడా చేసుకున్నాం. ఆయి రుచి చూసి, కరివేపాకు ఏరి పక్కన పెట్టి, మిగతాదంతా తినేసింది.

తిరిగొచ్చాక చాలా ఏళ్లు ఫోన్‌లో ఫోటోలు పంపుకునేవాళ్లం. 2020లో మన దేశంలో ఆ చైనా యాప్‌ని నిషేధించాక అదీ ఆగింది. 2025 పున్నమి పండక్కి మావాడు ఆవిడ మనవడి ఈమెయిల్ ఎలాగో సంపాదించి, నా గుమ్మడి మంతౌల ఫోటో పంపాడు. వాడికి చైనా భాష సగం మర్చిపోయినట్టే ఉంది, కంప్యూటర్ సాయంతో ఉత్తరం రాశాడు. నాలుగు రోజులకి జవాబొచ్చింది. ఆయి బాగానే ఉందట, మోకాళ్లు నెప్పులట. ఫోటోని పెద్దది చేసి చూసిందట. ఎడమ పక్క మూడోదాని మీద ముడత ఉంది, పొంగు ఎక్కువైంది, మీ ఊరు వేడి ఊరు కదా అని చెప్పమందట.

వెళ్లి ఫోటో చూశాను. ముడత ఉంది. మర్నాటి వాయకి పది నిమిషాలు ముందే పొయ్యి వెలిగించాను.